ఒకటో శ్రుతి తంబురా విషయమై మోచర్ల పుణ్యవతి రాయించిన వీలునామా

రంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో మూడో అంతస్తు ఫ్లాటులో కాపురముంటున్న, కీర్తిశేషులు మోచర్ల భీమేశ్వరరావు గారి భార్య పుణ్యవతి, వయస్సు డెబ్బై ఒకటి, తన నోటితో చెప్పి రాయిస్తున్న మరణశాసనం. నాకు చదువు రాదు, మతి మాత్రం ఉంది. ముసలిదానికి మతి చలించిందని రేపు ఎవరూ కోర్టుకెక్కకుండా, నోటికి వచ్చిన రెండు వందల కీర్తనలూ వరసగా లేఖరి లక్ష్మీనారాయణ గారికి పాడబోయాను. పదకొండో పాటకే ఆయన చాలునన్నారు. నా మీద ఎవరి ఒత్తిడీ లేదు. మోకాళ్లు పోయి పద్నాలుగు నెలలుగా ఈ మెట్లు దిగలేదు, ఒత్తిడి అంటే అదొక్కటే.

1. కొత్తగూడలోని నూట ఇరవై గజాల స్థలం, అందులోని రేకుల గది నా సొంతం. పుట్టింటివారు పెట్టిన గాజులు అమ్మి కొన్నాను. నా కొడుకు ఉదయ్ భాస్కర్ దాన్ని బిల్డరుకు ఇద్దామంటాడు. “చుట్టూ హైటెక్ సిటీ లేస్తుంటే రేకుల గదిలో సరిగమలేమిటమ్మా?” అంటాడు. ఇవ్వను. ఆ స్థలమూ గదీ నా తదనంతరం నా మనవరాలు, మేజరైన రసజ్ఞకు సర్వహక్కులతో చెందాలి. పాటతోనే బతకాలని ఆ పిల్ల పట్టుదల. రేడియోలో పాడేందుకు పెట్టే పరీక్ష ఒకసారి తప్పింది. ఆగస్టులో మళ్లీ ఉంది. అదీ పోతే కంప్యూటరు కోర్సేనని వాళ్ల నాన్న ఫారం తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాడు.

2. ఉదయ్ భాస్కర్‌కు వాళ్ల నాన్నగారి పదిహేడు శాలువాలు, సన్మానపత్రాలు చెందాలి. వాటిలో ఎక్కడా నా పేరు లేదు. నలభై ఏళ్లు పాట కచేరీల్లో ఆయన వెనకాల తంబురా పట్టుకుని కూర్చున్నాను. ఆయనది ఒకటో శ్రుతి, మగ గొంతుకు సరిపోయేది. పై షడ్జం దగ్గర ఆయన గొంతు అలిసేది, సరిగ్గా అక్కడ నాది తెరుచుకునేది. అందుకున్నది నేను, చప్పట్లు ఆయనకు. కింది స్వరాల్లో నాకు గొంతే పెగిలేది కాదు, పెదవులు కదిపేదాన్ని. ఏలూరు కచేరీలో ఎవరో పెద్దమనిషి తలెత్తి నా వైపు చూశాడని, ఇంటికొచ్చాక “ఒసేయ్, వెనకపాట వెనకే ఉండాలి” అన్నారు. ఈ సంగతి నా కొడుక్కి తెలియదు. ఇప్పుడు రాతలో ఉంది.

3. నా కోడలు నాగమణికి నా వజ్రపు ముక్కుపుడక. మేమిద్దరం సరిగా పలకరించుకున్న రోజులు తక్కువ. అయినా పిల్ల సాధనకు కూర్చుంటే మిక్సీ ఆపేసి పచ్చడి రోట్లో నూరుకునేది. ఎన్నడూ చెప్పుకోలేదు. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత ఆమెదే, నా కొడుకుది కాదు.

4. కింది ఫ్లాటు సుబ్రహ్మణ్యం గారికి దూది పొట్లం ఒకటి. “పొద్దున్నే ఈ గోలేమిటండీ, మా అబ్బాయిది రాత్రి డ్యూటీ అండీ” అని ఆరుసార్లు పైకెక్కి వచ్చారు. ఆయనకు జడిసి పిల్ల సగం నోరు మూసుకుని పాడింది.

5. నా తంబురా రసజ్ఞకు ఇవ్వకూడదు. అది ఆయన గొంతుకని చేయించినది. పై శ్రుతికి బిగిస్తే తీగలు తెగుతాయి. అందుకని పదేళ్లుగా ఆ పిల్లను కూడా ఒకటో శ్రుతిలోనే కూర్చోబెట్టాను. ఆడపిల్ల గొంతుకు అది గొయ్యి. అందులో నలభై ఏళ్లున్నదాన్ని నేను. అయినా తంబురా మార్చాలని తోచలేదు. కింది స్వరం పలక్కపోతే సాధన చాలలేదని తొడ మీద కొట్టాను. పరీక్షలోనూ కింది స్థాయి లేదనే తప్పించారు. పాలు పోసే కిష్టయ్య ఒకనాడు గుమ్మంలో నిలబడి, “ఏందమ్మా, మీ పిల్ల మిద్దె మీద బట్టలారేసుకుంట మస్తుగ పాడుతది, నీ ముందల కూసుంటే గొంతు పిసికినట్లు పాడుతది, గట్లెందుకు?” అన్నాడు. మర్నాడు మెట్ల దగ్గర కుర్చీ వేయించుకుని విన్నాను. పిల్ల తనకు తోచిన శ్రుతిలో పాడుకుంటోంది. కింది పంచమం నిండుగా పలికింది. ఆయనైనా తెలియక చేశారేమో, నాకు తెలుసు. తంబురా తీగలు విప్పి, మగపిల్లలు నేర్చుకునే సంగీత పాఠశాలకు ఇచ్చేయాలి.

6. ఒకటో అంశం కింద “రసజ్ఞ సంగీతం విడువనంతకాలం” అని నేనే చెప్పి రాయించాను. చదివించుకుని విన్నాక కొట్టించాను. ఆ కొట్టివేత వేలిముద్రకు ముందే, నా ఎరుకలోనే జరిగింది. పాడనీ, మానేయనీ, ఆ ఫారమే నింపనీ, గది తాళంచెవి దానిదే. దాని శ్రుతి ఏదో నేనింతవరకూ అడగలేదు. ఆగస్టులో పరీక్షకు వెళ్లేనాటికి నేను బతికే ఉన్నా, ఏ శ్రుతిలో పాడాలని నన్ను అడగడానికి ఈ గుమ్మం దగ్గర ఆగకుండా వెళ్లాలి.

కొండాపూర్, 1999 మార్చి 21.

మోచర్ల పుణ్యవతి, ఎడమచేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు: పాల కిష్టయ్య, కొత్తగూడ, ఈశ్వరయ్య, రిటైర్డు టీచరు, హఫీజ్‌పేట్.

రాసి, చదివి వినిపించినది: లక్ష్మీనారాయణ, దస్తావేజు లేఖరి.