నువ్వు వదిలిన మూడడుగులు

నేను నీ పెళ్లాం సైదమ్మను. డెబ్బై మూడేళ్లు. సూర్యాపేటలో నువ్వు కట్టిన ఇంట్లోనే కోడలు సునీతతో ఉంటున్నాను. నేను చెబుతుంటే తను రాస్తోంది.

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున మన గల్లీని వెడల్పు చేయడానికి మున్సిపాలిటీ వాళ్లు టేపు పట్టుకుని వచ్చారు. ఎదురింటి ఎల్లమ్మ గోడకు ఎర్ర గీత పెట్టారు. మన ఇంటి దగ్గరికి రాగానే నేను గడపకు అడ్డంగా కూర్చున్నాను.

"నన్ను దాటి గీత గియ్యి, సూస్త!" అన్నాను.

"లే అవ్వా, నీ ఇల్లు పోదు. అందరి దగ్గర మూడడుగులు తీస్తున్నం. మీ ముసలాయన అది ముందే ఇడిసి కట్టిండు," అన్నాడు టేపు పట్టినాయన.

పునాది తీసిననాడు "బండి తిరగాలె గదనే" అని నువ్వు వదిలిన జాగా అది. "ఊరికి దానం చేసినవా?" అని నలభై ఏళ్లు తిట్టాను. నువ్వు నవ్వి బీడీ ముట్టించేవాడివి.

ఎల్లమ్మ ముందు గది పోతుంది. సామాను మన ఇంట్లో పెట్టుకోమన్నాను. నువ్వున్నా అదే అనేవాడివి.

నువ్వుండగా ఒక్కనాడూ ఒప్పుకోలేదు. ఇవాళ ఒప్పుకుంటున్నాను. నువ్వు చేసిందే సరైంది.

సైదమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు: రాసిన కోడలు సునీత, నా తిట్లన్నీ విన్న ఎదురింటి ఎల్లమ్మ.