అప్పలనాయుడు పట్టిన తాడు

శనివారం, రాత్రి

శృంగవరపుకోట కొండ దగ్గర మా కళాశాల రాళ్లెక్కే తరగతి నేడు సజావుగా ముగిసింది. విద్యార్థులందరూ క్షేమం. బోధకుడి క్షేమం విచారణలో ఉన్నది.

ఎక్కేవారి తాడును కింద ఎవరు పట్టుకోవాలో ఎక్కేవారే ఎంచుకోవాలన్నది నేను పెట్టిన నిబంధన. తదనుసారం తొమ్మిదిమంది విద్యార్థులూ ల్యాబ్ అటెండర్ అప్పలనాయుడినే ఎంచుకున్నారు. శిక్షణ ధ్రువపత్రం ఉన్నది మాత్రం నాకు.

"మావా, నువ్వే పట్టుకో. సారు పట్టుకుంటే బయమేస్తాది," అంది విద్యార్థిని గౌరి, నాకు వినబడేలాగే.

"ఏటే ఆ మాటలు? సారు దగ్గరే కదే నాను నేర్సుకున్నాను," అన్నాడతను. అది నిజం. అందుకే మరింత మండింది.

నా హోదాను పునరుద్ధరించే నిమిత్తం చివరగా నేనే ఎక్కాలని నిశ్చయించాను. ఎక్కేముందు ఒకరి కట్టును మరొకరు పరీక్షించాలన్నదీ నా నిబంధనే. తప్పు దొరుకుతుందన్న ఆశతో, నా తాడు పట్టబోయే అప్పలనాయుడి నడుంపట్టీని మూడుసార్లు లాగి చూశాను. దొరకలేదు. అతను నా ముడి చూశాడు. మూడు వారాలుగా బోర్డుమీద బొమ్మ వేసి నేర్పుతున్న ఆ ముడిలో చివరి చుట్టు వేయడం నేనే మరిచాను. అతను పిల్లలకు వీపు అడ్డుపెట్టి, దాన్ని తానే పూర్తిచేసి, "సారు రెడీ!" అని గట్టిగా అరిచాడు.

ఎక్కాను. మధ్యలో ఒకసారి జారాను. తాడు నన్ను పడనివ్వలేదు. చప్పట్లు నాకే కొట్టారు.

ఆ ముడి సంగతి అతను ఎవరికైనా చెప్పి ఉంటే, ఈపాటికి అతన్ని సుఖంగా ద్వేషిస్తూ ఉండేవాడిని. వచ్చే శనివారం నా తాడు ఎవరు పట్టాలని నన్ను అడిగితే, పదో ఓటు కూడా అతనికే...