మీ అరుగు ఎదుట కెమెరా

ఈరన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున వదిన నీ ఫోటోకు దండ వేసి, అరుగు మీద చాప పరిచింది. మగ్గాలు ఆపి మేం నలుగురం వచ్చి కూర్చున్నాం. నువ్వుంటే ఈపాటికి ఏ మంత్రినో ఎమ్మిగనూరంతా వినబడేలా ఏకిపారేస్తుండేవాడివి.

మేం వాన గురించి మాట్లాడుకున్నాం.

పోయిన నెల మీ ఇంటి ఎదుటి కరెంటు స్తంభానికి కెమెరా పెట్టారు. దాని చూపు సరిగ్గా అరుగు మీదే. "దొంగల కోసమప్పా, మీకు మేలే కదా" అన్నాడు కానిస్టేబుల్. నేతగాళ్ల వీధిలో దొంగ ఏం ఎత్తుకుపోతాడు, మగ్గమా? "మా మాటలు గూడా ఇనపడతాయా సార్?" అని అడిగితే నవ్వి వెళ్లిపోయాడు. ఆ నవ్వే నాకు నచ్చలేదు. ఎవరు చూస్తారో, ఎక్కడ కూర్చుని చూస్తారో ఒక్కరూ చెప్పరు.

ఓసారి మీ గోడ మీద పథకం పేరు రాయడానికి వచ్చినవాళ్లను, "గోడ నాది, ముందు నన్నడగాల గదప్పా" అని రంగు డబ్బాలతో సహా వెనక్కి పంపావు గుర్తుందా? అప్పుడు నీది ఉత్త మొండితనం అనుకున్నాను. అడగకుండా చేసే మేలంటే ఇప్పుడు నాకూ అనుమానమే.

ఇందాక ఆ కెమెరా బిగించిన ఎలక్ట్రీషియన్ బాషా, నీ ఫోటో చూసిపోదామని వచ్చాడు. నా పక్కన కూర్చుని, "దానికి ఇంకా కనెక్షనే ఇయ్యలేదన్నా" అన్నాడు.

ఆ మాట కూడా నా చెవిలో చెప్పాడు.