సద్ది కట్టని రోజు

మేడ్చల్.

అమ్మకు నీ చిన్న బిడ్డ దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నీ అల్లుడు దుండిగల్ కాలేజీకి షేర్ ఆటోలో పోయి వస్తున్నాడు. కామారెడ్డిలో నువ్వు, అక్క, అక్క కూతురు అశ్రిత బాగున్నారని తలుస్తాను.

అశ్రితతో రాయించిన నీ ఉత్తరం అందింది. మోకాళ్ల నొప్పి తగ్గిందన్నావు, నేను నమ్మను. తగ్గితే నువ్వు ఒకచోట కూర్చుని ఉత్తరాలు రాయించే మనిషివి కావు. ఇది మాత్రం దానితో చదివించుకోకు. రాత్రిబడిలో నేర్చుకున్నావు కదా, నువ్వే కూడబలుక్కుని చదువు. ఫోన్‌లో నీ గొంతు వింటే అడగలేనని రాస్తున్నాను.

నేను రాసిన పుస్తకం గురించి, "పుస్తకంల నా పేరు పెట్టినవా?" అని అడిగావు. లేదమ్మా. నీ పేరు, నాయిన పేరు మార్చాను. మనం అప్పుడున్న షామీర్‌పేట చెరువు పేరు మాత్రం అలాగే ఉంచాను. చేపలకు పోయిన నాయిన కాలు జారి నీళ్లలో పడిపోయాడని, నువ్వు కష్టపడి మమ్మల్ని సాకావని రాశాను. 'చెరువు మీది పొద్దు' అని పేరు పెట్టుకున్నాను.

ఆ పేరుతో ఎవరూ కొనరని అచ్చువేసే ధర్మేందర్ గారు 'ఆమెకు ముందే తెలుసు' అని పెడదామన్నారు. "కథల ఒక్క అక్షరం గూడ మార్చనమ్మా, అట్ట మీద పేరొక్కటే" అన్నారు. సరేనన్నాను. ఆ అట్ట పక్కన పెట్టుకుని, తప్పులు దిద్దడానికి మొదటి నుంచి మళ్లీ చదివాను.

అందులో ఆ రోజు పొద్దున ఉంది. నాయిన వల భుజాన వేసుకున్నాడు. "నాయినకు సద్ది కట్టవా అమ్మా?" అని నేనడిగితే, "ఇయ్యాల అక్కెర లేదు బిడ్డా" అన్నావు. పాత పేరుతో చదివినప్పుడు, నాయిన బువ్వ వేళకే వచ్చేస్తాడు కాబోలు అనుకున్నాను. ఈ పేరుతో చదివినప్పుడు ఆ మాట దగ్గరే ఆగి మళ్లీ మళ్లీ చదివాను. నువ్వు గడపలో అంతసేపు నిలబడ్డావని, ఊరంతా చెరువుకు పరుగెత్తితే నువ్వొక్కదానివే నడిచి వచ్చావని, అవన్నీ రాసింది నేనే. రాసేటప్పుడు నాకేమీ అనిపించలేదు.

ఇక దాచను. నాకు భయంగా ఉంది. ఊరు ఏమంటుందోనని కాదు. నాయిన కాలు జారలేదా? తిరిగి రానని నీకు చెప్పే పోయాడా? చెబితే ఎందుకు ఆపలేదు?

ఈ కొత్త పేరు వద్దని ఒక్క మాట రాయి. ధర్మేందర్ గారిని బతిమాలుకునైనా పాత పేరు పెట్టిస్తాను. ఊళ్లో అందరూ పాత కథే చదువుకుంటారు. నేను మాత్రం కొత్త పేరుతో చదివేశానమ్మా.

ఇట్లు,
నీ జవాబుకు ఎదురుచూస్తూ, అది వస్తుందేమోనని భయపడుతున్న
నీ చిన్న బిడ్డ
స్రవంతి