మజ్జిగ కవ్వంతో మామిడిపండు

1946 మే 18, శనివారం, మదనపల్లె

ఆయన మోకాలినొప్పి ఎట్లుంది? ఇవాళ కాస్త నడిచారు. కొడుకు పంటినొప్పి? తగ్గింది. కోడలు సావిత్రికి? టైఫాయిడ్ వదిలి పది రోజులైనా, నిన్నటిదాకా ఏం తిన్నా వాంతే.

పండ్లు ఇమ్మన్నాడు డాక్టరు. మధ్యాహ్నం మామిడిపండ్లు పిసికి, అరటిపండు, బెల్లం, కాచి చల్లార్చిన పాలు కలిపి చిలికాను. సగంలో గుర్తొచ్చింది, అది మజ్జిగ కవ్వం! పాలు విరిగితే? పిల్లకు మళ్ళీ వాంతి అయితే? కానీ కుండలో పసుపుపచ్చని నురుగు వెన్నలా పైకి లేచింది. ఇన్నేళ్ళు కవ్వం పట్టాను, పండు ఇట్లా పొంగడం ఎన్నడూ చూడలేదు.

సావిత్రి ఒక్క గుక్క తాగి నా వైపు చూసింది.

"పుల్లగా ఉండాదామ్మా? వద్దులే, ఇట్లియ్యి."

"గ్లాసు యాల లాక్కుంటాండావత్తా? ఇంకా ఉండాదా?"

రెండు గ్లాసులు తాగింది! చెంబు పట్టుకుని పక్కనే కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళయినా వాంతి కాలేదు. రేపెట్లుంటుందో...

చిక్కి సగమైన బిడ్డను చూపించలేక, పుంగనూరులోని వాళ్ళమ్మను ఏదో ఒకటి చెప్పి ఆపుతూ వచ్చాను. ఇప్పుడే కార్డు రాసి పెట్టాను, 23వ తేదీ గురువారం రమ్మని.