రెండు పొయ్యిల ఇల్లు

కుసుమబని,
4వ తేదీ, సోమవారం.

గౌరవనీయులైన అత్తయ్యగారికి,

మైథిలి నమస్కారాలు. ఫోన్ చేస్తే మీరు ఎత్తరు. ఎత్తినా నా గొంతు వినగానే శ్రీలేఖ చేతికిచ్చేస్తారు. నాతో మాట్లాడనన్నారు గానీ నా ఉత్తరం చదవనని ఎప్పుడూ అనలేదు కాబట్టి రాస్తున్నాను. ఇక్కడి బస్సు రోజూ ఖరగ్‌పూర్‌లో ఇందా స్టాండుకి వస్తుంది. కండక్టరు దాదా ఈ ఉత్తరం స్టాండు పక్కన టీకొట్టులో ఇస్తానన్నాడు. జవాబు రాయాలనిపిస్తే అక్కడే ఇచ్చి పంపండి.

జనాభా లెక్కలకి ముందు ఇళ్ల లెక్క రాయాలని ఆర్డరు వచ్చినప్పుడు మన రైల్వే ట్రాఫిక్ కాలనీలోనో, మా పుట్టింటి వైపు పూరీ గేట్‌లోనో వేస్తారనుకున్నాను. బస్సులో రెండు గంటలు కూర్చుని, ఆపైన మట్టిరోడ్డు మీద నడిస్తే వచ్చే ఈ ఊళ్లో వేశారు. పదహారో తేదీ దాకా స్కూలు పక్కన ఒక గదిలో ఉండాలి. ఫ్యాను ఉంది, కరెంటు లేదు. ఊరంతా నన్ను టీచరమ్మనని దిదిమణి అంటూ మర్యాదగా పిలిచి, అడిగిన ప్రతి ప్రశ్నకీ ఇంకేదో జవాబు చెబుతోంది. ఇంట్లో ఎన్ని గదులని అడిగితే గేదెకి ఒంట్లో బాగాలేదంటారు.

అసలు సంగతి. మన ఇంటి వివరాలు నేను బయల్దేరేముందే ఫోన్లో నింపేశాను. ఒక నంబరు వచ్చింది. దాన్ని కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించాను. మన లైనుకి ఏంజలిన్ వస్తుంది, మా స్కూల్లో ఇంగ్లీషు టీచరు, మీరు చూశారు. ఆమెకి ఆ నంబరు చూపిస్తే చాలు. మీరు ఇంకేం చెప్పక్కర్లేదు.

శ్రీలేఖకి రాత్రి పాలు మర్చిపోకండి. మీ అబ్బాయి గూడ్సు బండి ఎక్కి ఎప్పుడు పోతారో, ఎప్పుడు వస్తారో నాకే తెలియదు, మీకేం చెప్పను.

ఇట్లు,
మైథిలి


ట్రాఫిక్, ఖరగ్‌పూర్,
6వ తేదీ, బుధవారం.

మైథిలికి,

ఉత్తరం అందింది. మనవరాలికి పాలు ఇవ్వాలని నువ్వు చెబితే గానీ తెలియనంత మతిమరుపు నాకింకా రాలేదు.

పక్కింటి రాధిక మొన్న ఇళ్ల లెక్క గురించి చెప్పింది. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లంతా ఒక కుటుంబమట. ఒకే ఇంట్లో ఉన్నా రెండు పొయ్యిలుంటే రెండు కుటుంబాలట. నువ్వు ఆ ముక్క మాత్రం ఉత్తరంలో రాయలేదు. నంబరు చూపిస్తే చాలు, మీరేం చెప్పక్కర్లేదు అని రాశావు. అంటే నాకు అర్థమైపోయింది.

మనింట్లో రెండు పొయ్యిలున్నాయి. ఒకటి వంటింట్లో నీది. ఒకటి వెనక వరండాలో నాది. అది నేను సరదాకి పెట్టుకున్నది కాదు. ఐదు నెలల కిందట నువ్వు వంకాయ కూరలో ఆవనూనె పోశావు. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్నా ఆ వాసన నాకు పడదని తెలిసీ పోశావు. "ఏటమ్మా ఇది, నోట్లో ఎట్టుకోనేకపోతన్నాను" అన్నాను. అంతే అన్నాను. దానికి నువ్వు "అయితే మీరే వండుకోండి" అన్నావు. వండుకుంటున్నాను.

ఇప్పుడు ఆ పొయ్యిని చూపించి నన్ను గవర్నమెంటు కాగితంలో విడదీశావన్నమాట. అందులో కుటుంబ పెద్దనూ నేనే, కుటుంబమూ నేనే. మీ మామగారు పోయి ఆరేళ్లయింది. ఆయన ఉండగా మన పేర్లన్నీ ఒక్క రేషన్ కార్డులో ఉండేవి.

రాధిక మాట శ్రీలేఖ కూడా వింది. నిన్న భోజనాల దగ్గర "నానమ్మా, నాను రెండు సోట్లా తింతన్నాను కదా, మరి నాది ఏ కుటుంబం?" అని అడిగింది. మీ ఆయన్ని అడుగుదామంటే "అమ్మా, నాకేటీ తెలీదు, నన్ను ఇందులోకి లాగకండి" అని బ్యాగు తగిలించుకుని డ్యూటీకి పోయాడు. వాడు ఇంట్లో ఉన్న రోజుల్లో ఎవరికీ కోపం రాకూడదని నీ దగ్గరోసారి, నా దగ్గరోసారి తిని కడుపు పాడుచేసుకుంటున్నాడు. అది ఫారంలో ఏ గడిలో రాస్తారో కనుక్కో.

నన్ను ఏమని రాశావో ఒక్క వాక్యంలో చెప్పు.

ఇట్లు,
అనసూయ


కుసుమబని,
9వ తేదీ, శనివారం.

అత్తయ్యగారికి,

నమస్కారాలు. ఇంటి వివరాలు ఏంజలిన్ వచ్చినప్పుడు తెలుస్తాయి. ఈలోపు నన్ను అడిగి లాభం లేదు. ఈ ఊళ్లో రోజుకి పాతిక ఇళ్లు తిరిగి, ప్రతి గుమ్మంలోనూ పేచీ పడి వస్తున్నాను. గదికి వచ్చాక కూడా పేచీ పడే ఓపిక లేదు.

ఇవాళ ఒక ఇంటికి వెళ్లాను. పక్కా గది, సిమెంటు కప్పు, కిటికీలకి రంగు కూడా వేశారు. లోపల మేకలు. ఎదురుగా మట్టింట్లో ఐదుగురు మనుషులు. "పక్కా ఇంట్లో ఉక్క, దిదిమణీ. మేకలు ఓర్చుకుంటాయి" అన్నాడు ఆ ఇంటాయన. ఇంకో ఇంట్లో తల్లి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. కొడుకు రెండేళ్లుగా సూరత్‌లో ఉన్నాడు. వాణ్ని కూడా రాయమంటుంది. ఇక్కడ ఉండనివాణ్ని రాయకూడదమ్మా అంటే, వాడి చెప్పులు గుమ్మంలో ఉన్నాయి చూడమంది. నిజంగానే ఉన్నాయి. రూలులో చెప్పుల మాట లేదని చెప్పి, అరగంట వాదించి, రాయకుండానే వచ్చాను. ఆవిడ తిట్టిన తిట్లు బెంగాలీలో కాబట్టి మీకు సగమే అర్థమయ్యేవి, నాకు మొత్తం అర్థమయ్యాయి.

అన్నిటికన్నా విసుగు తెప్పించింది రాధారాణి అనే ముసలావిడ విషయం. ఇద్దరు కొడుకులు, ఒకే వాకిలి, రెండు వంటిళ్లు. తల్లికి నెల ఒకడు, నెల ఒకడు అన్నం పెట్టాలని పెద్దమనుషుల్లో ఒప్పుకున్నారు. బాగానే ఉంది కదా అనుకున్నాను. చిన్నవాడిది ఇంగ్లీషు నెల లెక్క, ఏప్రిల్ ముప్పైతో వాడి వంతు అయిపోయింది. పెద్దవాడిది బెంగాలీ నెల లెక్క, వాడి నెల పదిహేనో తేదీకి గానీ మొదలవదు. మధ్యలో ఈ పదిహేను రోజులూ ఆవిడ మరమరాలు నీళ్లలో తడిపి తింటోంది. మీ అమ్మని ఎవరింట్లో రాయమంటారని అడిగితే ఇద్దరూ కేలండర్లు తెచ్చి చూపించారు. రెండూ కరెక్టే. నేను వాళ్లిద్దరినీ గట్టిగా కేకలేశాను. పని మాత్రం కాలేదు.

శ్రీలేఖ జడకి రిబ్బను వద్దంటుంది, వినకండి.

ఇట్లు,
మైథిలి


ట్రాఫిక్,
11వ తేదీ, సోమవారం.

మైథిలికి,

మేకల గురించి రాశావు, చెప్పుల గురించి రాశావు. అడిగినదానికి తప్ప అన్నిటికీ జవాబు రాశావు. నువ్వు ఆ ఊరివాళ్లని అనడానికేం లేదు, నువ్వూ వాళ్లలాగే తయారయ్యావు.

ఆ రాధారాణి కోడళ్లు ఏం చేస్తున్నారని అడుగుదామనుకున్నాను. కొడుకులు ఏం చేస్తున్నారని ఎందుకు అడగరు అంటావు. అందుకని ఎవరినీ అడగను. ఆవిణ్ని చివరికి ఎవరింట్లో రాశావో అది మాత్రం చెప్పు. రెండు రోజులుగా వంట చేస్తుంటే ఆవిడే గుర్తొస్తోంది. తడిపిన మరమరాలు ఎన్ని రోజులు తింటారు ఎవరైనా?

ఏంజలిన్ మన లైన్లో నాలుగో క్వార్టరు దాకా వచ్చింది. మనది తొమ్మిదోది. నాకు పడుకుంటే నిద్ర పట్టడం లేదు. ఇందులో క్వార్టరు పోతుందనో, పెన్షను ఆగుతుందనో భయం కాదు. అవేం కావని రాధిక చెప్పింది. నా కొడుకు ఇంట్లో నేను ఉండి, నా మనవరాలికి జడ వేసి, సర్కారు లెక్కలో మాత్రం నేను ఎవరికీ ఏమీ కాకుండా పోతే ఎలా ఉంటుందో నువ్వొకసారి ఆలోచించు. కోపంతో రాయడం లేదు. ఉన్నమాట రాస్తున్నాను.

రిబ్బను కట్టాను.

అనసూయ


కుసుమబని,
13వ తేదీ, బుధవారం.

అత్తయ్యకి,

రాధారాణిని ఆవిడ పేరు మీదే రాశాను. ఒక మనిషి, ఒక కుటుంబం, వంట లేదు. రూలు ప్రకారం అంతకన్నా దారి లేదు. ఎవరింట్లో రాశావని ఆవిడే అడిగింది. నీ పేరు మీదే మాసీమా అన్నాను. "ఒక్కదాన్నే అయితే దాన్ని కుటుంబం అని ఎందుకంటారు దిదిమణీ" అంది. ఫోన్ సంచీలో పెట్టుకుని వచ్చేశాను. అప్పట్నుంచీ ఎవరి మీద చిరాకో తెలియని చిరాకుగా ఉంది. బస్సు కండక్టరు మీద కూడా అరిచాను.

ఇప్పుడు మీకో మాట చెప్పాలి. మన ఇంటి ఫారంలో నేనొక తప్పు రాశాను. తెలిసే రాశాను. ఈ ఊళ్లో కొడుకుని రాయమని ఏడ్చిన తల్లికి రూలు చెప్పి, రాధారాణిని ఒంటరిగా రాసి, నా ఇంటి దగ్గర మాత్రం నా ఇష్టం వచ్చినట్టు రాసుకున్నాను. అది అలా ఉంచడం న్యాయం కాదు. ఏంజలిన్ వస్తే ఆ నంబరు ఇవ్వకండి. మైథిలి శనివారం వచ్చి దిద్దుతుందని చెప్పండి. ఏం రాశానని మాత్రం ఉత్తరంలో అడగకండి. ముఖాముఖి చెబుతాను. అప్పుడు మీరు తిట్టినా పడతాను.

మీ
మైథిలి


ట్రాఫిక్, ఖరగ్‌పూర్,
14వ తేదీ, గురువారం.

ప్రియమైన మైథిలికి,

దీవెనలు. నీ ఉత్తరం పొద్దున్న తొమ్మిదింటికి వచ్చింది. ఏంజలిన్ పదకొండింటికి వచ్చింది. నంబరు ఇవ్వొద్దన్నావు కాబట్టే బీరువా తలుపు బార్లా తెరిచి చూపించాను. నువ్వు శనివారం వచ్చి నన్నేదో నెమ్మదిగా కూర్చోబెట్టి చెప్పేదాకా ఆగే ఓపిక నాకు లేదు. నన్ను ఇంటి లెక్కలోంచి కొట్టేసి ఉంటే అదేదో నా కళ్లతోనే చూడాలనుకున్నాను.

ఆ పిల్ల ఫోన్లో నంబరు నొక్కి ఒక్కొక్కటే చదివింది. గోడలు ఇటుక, కప్పు కాంక్రీటు. తర్వాత "కుటుంబం ఒకటి. మనుషులు నలుగురు. వంటిల్లు ఒకటి. కుటుంబ పెద్ద, అనసూయ" అంది. మళ్లీ చదవమన్నాను. మళ్లీ అదే చదివింది. క్వార్టరు అబ్బాయి పేరు మీద ఉంది కదా, పెద్ద నేనెలా అవుతానన్నాను. "ఇంట్లోవాళ్లు ఎవర్ని పెద్ద అనుకుంటే వాళ్లే ఆంటీ. మైథిలి మీ పేరు ఇచ్చింది" అంది.

మీ మామగారు పోయాక నా పేరు ఏ కాగితంలోనూ మొదట రాలేదు. చివర్లో, ఆధారపడినవాళ్లు అన్నచోట వచ్చేది. మంచాల మధ్య నిలబడి ఏడ్చాను. ఏడ్చాక నీ మీద మండిపోయింది. ఈ మాట ఐదు నెలల్లో ఒక్కసారి నోటితో చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది? నన్ను పది రోజులు నిద్ర లేకుండా చేశావు.

ఏంజలిన్ అడిగింది. "ఆంటీ, ఒకటే కిచెన్ అని ఉంది. కరెక్టేనా? సరిచూసుకోవాలి" అని. వెనక వరండాలో నా పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ఆ వాసన ఆ పిల్లకీ తెలుస్తోంది. కరెక్టే అంటే నేను అబద్ధం ఆడినట్టు. కాదంటే నువ్వు అబద్ధం రాసినట్టు. రూల్సు రూల్సని ఊరంతా తిరుగుతున్నదానివి, నా కోసం దొంగరాత రాశావు. దాన్ని దిద్దాలని మళ్లీ నీకే మనసు పీకింది.

"ఓ గంట ఆగు తల్లీ, ఇప్పుడే సెప్తాను" అన్నాను.

పొయ్యి కట్టేశాను. పప్పు గిన్నె వంటింట్లోకి మార్చాను. శ్రీలేఖ కుర్చీ పట్టుకుంటే ఎక్కి, నా పొయ్యిని గుడ్డలో చుట్టి అటక మీద వెనక్కి తోసేశాను. నడుము పట్టేసింది. ఇంకోసారి దాన్ని కిందికి దించే శక్తి నాకు లేదు, అది నీకు తెలియాలి. తర్వాత నీ పొయ్యి మీద అన్నం వండాను. వంకాయలున్నాయి. నా నూనె డబ్బా వరండాలో ఉంది. తెచ్చుకోవచ్చు. తెచ్చుకోలేదు. నీ ఆవనూనె సీసా వంపి, ముఖం పక్కకి తిప్పుకుని పోపు వేశాను. శ్రీలేఖ, నేను, ఏంజలిన్ కూర్చుని తిన్నాం. ఆ కూర నాకు నచ్చలేదు. అయినా తిన్నాను.

చెయ్యి కడుక్కుని "ఇప్పుడు రాసుకోమ్మా. ఒకటే వంటిల్లు" అన్నాను. అందుకని నువ్వు శనివారం వచ్చి దిద్దడానికి ఏమీ లేదు. ఉన్నదే ఉంది అందులో.

ఇవాళ సాయంత్రం బస్సుకే ఈ ఉత్తరంతో ఒక స్టీలు డబ్బా పంపుతున్నాను. రాధారాణికి ఇవ్వు. పప్పన్నం, కొంచెం కూర. బెంగాలీవాళ్లు కదా, ఆవనూనెతో ఇష్టంగానే తింటుంది. రేపు పదిహేనో తేదీ. పెద్దకొడుకు నెల మొదలవుతుంది కదా, తెల్లారగానే వాడి గుమ్మంలో నిలబడి, తల్లికి కంచం పెట్టాకే కదులు. రూలులో లేకపోయినా ఫరవాలేదు, నీకు రూలు దాటడం వచ్చునని ఇప్పుడు తెలిసింది.

శనివారం బస్సు దిగి ఎక్కడా టిఫిన్లు చెయ్యక నేరుగా ఇంటికి రా. మీ ఆయన కూడా ఆ రోజు ఇంట్లోనే ఉంటాడు, ఒక్కసారే తింటాడు. వంట నేను చేస్తాను. ఏ నూనె అని అడగకు. ఇక నుంచి వారంలో మూడు రోజులు నీ నూనె, నాలుగు రోజులు నా నూనె. ఇందులో బేరాలు లేవు.

ఇట్లు,
కుటుంబ పెద్ద,
అనసూయ