తొంభై దాటితే తల ఊపే బండి

బామ్మర్దికి,

మీ బావ ఇంకా బతికే ఉండి, సొంత చేత్తో రాస్తున్న ఉత్తరం.

నువ్వు వెతికి కొనిపెట్టిన టూరింగ్ బండి బాగానే ఉంది. బాగా లేనిది నా గుండె. ఊళ్ళో తిరిగినంతసేపూ కొత్త పెళ్ళికొడుకులా బుద్ధిగా ఉంటుంది. హైవే ఎక్కి తొంభై దాటించానా, హ్యాండిల్ 'కాదు కాదు' అన్నట్టు తల ఊపుతుంది. వెంటనే వెనక చక్రం పాములా మెలికలు తిరుగుతుంది. నిన్న ఒక లారీ డ్రైవరు నన్ను దాటుతూ దణ్ణం పెట్టాడు. నాకో దేవుడికో తెలియలేదు.

నీకు ఫోన్ చేస్తే, "బండికన్నా మీరే ఎక్కువ ఊగుతున్నారు, కాగితం మీద రాసి పంపండి" అని పెట్టేశావు. రాతలో లేని జబ్బుకి నీ షెడ్డులో నువ్వు పానా ముట్టవని తెలుసు కాబట్టి రాస్తున్నాను.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మీ అక్క నా బండెక్కింది ఒక్కసారే. పెట్రోలు బంకులో తను దిగిన సంగతి చూసుకోకుండా, దారంతా తనతో కబుర్లు చెప్పుకుంటూ ఇంటికొచ్చేశాను. ఒక్క మాటా ఎదురు రాకపోతే, ఆహా ఎంత బుద్ధిగా వింటోందో అని మురిసిపోయాను కూడా. నాలాంటి మొగుడు ఏ ఆడదానికైనా ఒక్కడే చాలు.

ఇప్పుడు ఎలాగో ఒప్పుకుంది. సెలవులివ్వగానే తను నడిపే స్కూలు వ్యానుని షెడ్డులో పెట్టేసి, ఇద్దరం సముద్రం చూసి రావాలని. షరతు ఒక్కటే, బండి నూరు మీద వణక్కుండా పోవాలి. లేదంటే తను రైలెక్కుతుంది, బండిని అమ్మేస్తుంది. నాకు మాత్రం తను వెనక కూర్చుని నవ్వుతుంటే వినాలని ఉందిరా. ఏదో ఒకటి చెయ్యి.

ఇట్లు,
గజం టేపు తప్ప ఇంకేదీ తిన్నగా పట్టుకోలేని నీ టైలరు బావ

తా.క.: మీ అక్కకి ఈ వణుకు సంగతి చెప్పకు. ఇంట్లో బండి సూపర్ అని చెప్పుకుంటున్నాను.

*

బావగారికి,

చేతులు తుడుచుకునే రాస్తున్నాను. కాగితం మీద మరకలుంటే అవి గ్రీజు, కన్నీళ్ళు అనుకోకండి.

ఊగే బండికి నా షెడ్డులో పద్ధతి ఒక్కటే. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చి, నడిపి, నాకు రాయాలి. నేను జవాబిచ్చేదాకా రెండోది ముట్టుకోకూడదు. అన్నీ కలిపి కెలికితే జబ్బు ఏదో మందు ఏదో తెలియదు.

ముందు, బండి కదలకముందే టైర్లలో గాలి చూడండి. ప్రస్తుతానికి అంతే. నడిపేటప్పుడు బండి మీద ఏమేం ఉంటున్నాయో కూడా రాయండి. నేను చెప్పేదాకా తొంభై దాటకండి.

ఉంటాను,
మీ మెకానిక్ బామ్మర్ది

తా.క.: అక్క ఫోన్ చేసింది. "మీ బావ రోజూ చెమటలు కక్కుతూ వచ్చి బండి సూపర్ అంటున్నారు, ఏంట్రా కథ?" అంది. నేనేం చెప్పలేదు. నవ్వానంతే.

*

బామ్మర్దికి,

నవ్వినందుకు నీకో దణ్ణం. ఇంట్లో నా మీద నిఘా పెరిగింది.

ఒకసారికి ఒక్కటే అన్నావు. నాకు షాపు మూసే రోజు వారానికి ఒక్కటే కదా అని అన్నీ ఆ రోజే చేయించాను. గాలి కొట్టించి, ఆ వెంటనే టైర్లే మార్పించాను. హ్యాండిల్ కింది బేరింగు కొత్తది. ఫోర్కుల్లో ఆయిల్ కొత్తది. ముందరి అద్దం గాలికి అడ్డమేమో అని అదీ పీకించాను. ఇప్పుడు గాలికి అడ్డం లేదు, పురుగులకీ లేదు. దారిలో రెండు మింగాను.

ఇంత చేసినా తొంభైకి వచ్చేసరికి అదే తల ఊపు. మా వీధి మెకానిక్ చేతులెత్తేసి, "సార్, మీరు పాంట్లు బాగా కుడతారు" అన్నాడు. ఎందుకన్నాడో నాకు అర్థమైంది. ఏడుపొచ్చింది.

బండి మీద ఏముంటాయని అడిగావు. ఏముంటాయి, నేనూ, మామూలు సామానూ.

ఇట్లు,
పురుగులు తిన్న బావ

తా.క.: వెనక పెట్టె అడుగున పగులొచ్చింది. మీ అక్కకి బదులు పెట్టిన ఇనుము తీసేసి ఇటుకలు పెట్టనా?

*

బావగారూ!

ఏ ఇనుము? మా అక్కకి బదులేంటి? ఆ పెట్టె ఒక రెయిన్‌కోటు, రెండు చొక్కాలు పెట్టుకోవడానికి! అందులో ఏముందో ఉన్నదున్నట్టు రాయండి. అప్పటిదాకా బండి తీస్తే ఒట్టు.

కంగారుగా,
బామ్మర్ది

తా.క.: అక్క క్షేమమేనని కూడా ఒక ముక్క రాయండి.

*

బామ్మర్దికి,

మీ అక్క క్షేమం. నా సంగతే చెప్పలేను.

దాచేదేముంది. తను ఎక్కాక బండి ఎలా ఉంటుందో ముందే అలవాటు చేసుకుందామని, మొదటి రోజు నుంచీ వెనక పెట్టెలో తనంత బరువు పెట్టుకుని తిరుగుతున్నాను. పాత బొగ్గు ఇస్త్రీపెట్టెలు, పాడైపోయిన కుట్టు మిషను తలకాయ, సందుల్లో గుండీల సంచులు. కంటిచూపుతో కొలత చెప్పే టైలర్ని కదా, లెక్క తప్పదు. అయినా పెట్టెలో తన బరువు సగమే పట్టింది. పైన తన హెల్మెట్ కూడా కట్టాను. నిజం చెప్పేస్తున్నా, దారంతా దానితో కబుర్లు కూడా చెప్పాను. అలవాటైన పనే కదా.

సిగ్గుతో,
బావ

తా.క.: ఈ ఉత్తరం డబ్బాలో తనే వేస్తానని మీ అక్క తీసుకెళ్తోంది. కవరు రెండు సార్లు అంటించాను. భయం లేదు.

*

బావగారికి,

మీ ఉత్తరం చదివి షెడ్డంతా పని ఆపేశాం. నవ్వు ఆగితేగా.

మనిషి సీటు మీద కూర్చుంటే బరువు రెండు చక్రాల మధ్య పడుతుంది. మీ పెట్టె వెనక చక్రానికి కూడా వెనక, అంత ఎత్తున వేలాడుతోంది. అది వెనక్కి లాగితే ముందు చక్రం తేలిపోతుంది. తేలిన చక్రం తల ఊపక ఏం చేస్తుంది? ఇనుమంతా దింపండి. పగిలిన పెట్టె కూడా తీసేయండి.

తర్వాత కూడా కాస్త వణికితే, హ్యాండిల్ మీద చేతులు వదులు చేయండి. మిషను మీద గుడ్డని బిగబట్టి లాగితే కుట్టు వంకరపోతుందని మీరే కదా చెబుతారు. ఇదీ అంతే. మీరు బిగబడితే గాలికి ఊగే మీ ఒళ్ళే బండిని ఊపుతుంది.

అప్పటికీ పోకపోతే, మీరు దిగి వేరేవాళ్ళ చేత నడిపించి చూడండి. మీరు ఇంకా మార్చని భాగం అదొక్కటే.

ప్రేమతో,
బామ్మర్ది

తా.క.: ఎవరి చేత అంటారా? నాకు బండి నేర్పిన మనిషి మీ ఇంట్లోనే ఉంది. మా నాన్న బండి తాళం దాచేస్తే, తాళం లేకుండానే స్టార్ట్ చేసేది. మీకు చెప్పలేదా? మీరు అడిగి ఉండరు.

*

బామ్మర్దికి,

ఈ ఉత్తరం ఎక్కడ కూర్చుని రాస్తున్నానో చివర్లో చెబుతాను. ముందు సంగతులు విను.

ఇనుము దింపాను. మెలికలు పోయాయి. కానీ నూరు దగ్గర సన్నటి వణుకు మిగిలింది. చేతులు వదులు చేద్దామనుకున్నాను. అనుకోగానే ఇంకా బిగుసుకుపోయాయి. ఇక లాభం లేదని ఇంటికొచ్చి, తలొంచుకుని తాళాలు మీ అక్క ముందు పెట్టాను.

"సగమే పట్టానా?" అంది. రెండు సార్లు అంటించిన కవరు సంగతి నేనిక అడగలేదు.

తర్వాత నెమ్మదిగా అంది: "ఇన్నేళ్ళూ వెనక కూర్చుంటావా అని అడిగారు. నడుపుతావా అని ఒక్కసారైనా అడిగారా?"

రోజూ వ్యాను నిండా పిల్లల్ని ఎక్కించుకుని ఊరంతా తిప్పే మనిషి. మా ఇంటి గేటు దాటేసరికి తనకి డ్రైవింగ్ రాదన్నట్టే బతికాను. చాలా సిగ్గేసింది.

ఇవాళ పొద్దున్నే సముద్రానికి బయల్దేరాం. తను ముందు, నేను వెనక. నూరు మీద బండి దారం లాగినట్టు పోయింది. జబ్బు బండిది కాదు, నీ అనుమానం నిజమే. తన నవ్వు వెనక నుంచి వినాలనుకున్నాను కదా, గాలికి ముందు నుంచే ఇంకా బాగా వినిపిస్తుంది. చాలా సంతోషంగా ఉన్నాను.

ఇట్లు,
సామాను స్థానంలో ఉన్న నీ బావ

తా.క.: ఇది రాస్తున్నది పెట్రోలు బంకులో. కాళ్ళు పట్టేశాయని నేనిలా దిగాను, మీ అక్క అలా వెళ్ళిపోయింది. కాగితం ఇచ్చిన బంకు కుర్రాడు జాలిగా చూస్తున్నాడు. అదిగో, తిరిగొస్తోంది. హెల్మెట్ తీసి ఏమందో తెలుసా? "దారంతా మీతో కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళాను. ఎంత బుద్ధిగా విన్నారో!"